కరవుసీమలో కుక్కపిల్ల

రాయదుర్గమునుండి కళ్యాణదుర్గమునకు బోవు బాటలో ఎఱ్ఱనేలయు, గుండ్రాళ్ల గుట్టలును, నడుమ నడుమ వేరుసెనగ చేలును దప్ప విశేషముగా కన్నులకు గానవచ్చునది లేదు. అనంతపురపు సీమలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు తీరమున కురిసి ఇచటికి చేరునప్పటికి బలహీనములగును. 2022లో జిల్లా రెండుగా చీలి పెనుకొండ, కదిరి ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గాని, ఆకాశమువంక చూచుట ఇరువురకును సమానమే.

పంటను నమ్మరాని ఇట్టి నేలపై గొఱ్ఱెయే ఆధారము. కురుబ కాపరుల మందలు ప్రొద్దుటనే మా వాకిటి ముందుగా గుట్టలకు బోవును. తోడేళ్లు నేటికిని ఈ పొదల బయళ్లలో కలవు గనుక మంద వెంట కుక్క యుండక తప్పదు. కాని ఊరికుక్క యొకటి గొఱ్ఱెపిల్లను కఱచెనేని పేదయింటి రాబడి పోవును. ఆ కుక్కయు రాళ్లపాలగును. కావున ఇచట కుక్కపిల్లను పెంచుట వట్టి ముచ్చట గాదు.

మా యింటికి కుక్కపిల్ల వచ్చి నాలుగు మాసములైనది. పుట్టిన పిదప 8 వారములు తల్లియొద్దనే యుండనిచ్చితిమి. ఎంత గట్టిగా కఱచిన ఎదుటివారికి నొచ్చునో తోబుట్టువులతో నాడుకొనుచు అది అచటనే తెలిసికొనును. నిద్ర లేచినంతనే, తిన్నంతనే పెరటిలోనికి దీసికొనిపోయి, పని కాగానే మెచ్చుకొన్నచో కొలది వారములలో ఇల్లు శుభ్రముగా నుండును. మూతిని మలినమునకు రాచుట కొందఱికి వాడుక. దానివలన అది చాటుగా చేయుట నేర్చునే గాని మానదు. రాగిసంకటి, మజ్జిగ దానికి ప్రీతి. ఉల్లిపాయయు ద్రాక్షయు మాత్రము కుక్కలకు విషము వంటివి.

పాలపండ్లు ఊడు దినములలో చెప్పులు, చాపలు, తుదకు మా వారి పంచె అంచులును దాని నోట బడినవి. మా వారు బడిపంతులు గనుక బెత్తము కొఱకు చూచిరి. నేను ఆదిపర్వమందలి సరమ కథను జ్ఞాపకము చేసితిని. జనమేజయుని తమ్ములు యజ్ఞశాలకు వచ్చిన సరమ కుమారుని కొట్టిరి. అది హవిస్సును నాకలేదు, కన్నెత్తియైన చూడలేదు. తప్పు లేని బిడ్డను కొట్టినందుకు ఆ తల్లి పలికిన శాపము రాజును విడువలేదు. "శిక్ష" యనిన నేర్పుటయు అగును, దండించుటయు అగును. మన ఇండ్లలో రెండవ యర్థమే ఎక్కువగా వాడుకలో నున్నది. బడిలో పిల్లలను కొట్టుట 2009 నాటి విద్యాహక్కు చట్టము కూడదన్నది. జంతువులను హింసించుట 1960 నాటి చట్టముననే నేరము. బెత్తము అటకపైకి పోయినది. పంచెకు బదులు తడిపి ముడివైచిన పాతగుడ్డ దానికి దొరకినది.

అసలు చిక్కు మందతో వచ్చినది. మంద కనబడగానే మా కుక్క ఉఱుకుచుండెను. ఒక ముదుసలి కాపరిని, "పెద్దాయనా, మీ కుక్క లెట్లు ఊరకుండును?" అని యడిగితిని. "చిన్నప్పట్నుంచీ గొర్రెపిల్లల మధ్యనే పెట్టి పెంచల్లమ్మా. వాటి వాసన మరిగితే వాటిని కరవదు" అని చెప్పెను. మాకు గొఱ్ఱెలు లేవు. కనుక త్రాటితో గట్టి అరుగుపై కూర్చుండబెట్టి, మంద దూరమున నుండగనే రొట్టెముక్కలు పెట్టుచు వచ్చితిని. అది కదలక చూచిన దినమున కొన్ని అడుగులు దగ్గఱకు, ఉఱికిన దినమున మరల వెనుకకు. మాసమునకు పైగా పట్టినది. నేడు మంద మా తొట్టిలో నీరు త్రాగునపుడును అది పండుకొనియే యుండును. త్రాడు మాత్రము నేనింకను విప్పలేదు.

ఎండకాలమున దానిని నడిపించుట ఉదయమున, సాయంకాలమున మాత్రమే. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పియే వేడిని పోగొట్టుకొనును. కాలిన బాటపై పాదములు బొబ్బలెక్కును. మూడవ నెలలో పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించితిమి. ఈ విషయమున ఒక్కమాట. ఏ కుక్క కఱచినను పసుపు, కారము అద్దక, గాయమును సబ్బుతో పాఱునీట 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి బోవలయును. ఆ వ్యాధి లక్షణములు పొడచూపిన పిదప బ్రదుకుట దాదాపు కల్ల. మా వీథిలో నీళ్లబండి వచ్చు దినమునకై బిందెలు బారులు తీరును; అయినను ఆ నీటికి వెనుదీయరాదు.

పుట్టినది మార్గశిరమున గనుక అది యింతవఱకు మంచి వాన నెఱుగదు. మొన్న జ్యేష్ఠమున తొలిసారి గట్టిగా ఉఱిమినది. విత్తనపు కాయలు ఒలిచి కూర్చున్న రైతులందఱు వీథిలోనికి వచ్చిరి. మా కుక్క మంచము క్రింద దూఱినది. రొట్టె చూపి వాకిటికి రప్పించునంతలో ఆ మేఘము కళ్యాణదుర్గము వైపు తరలిపోయినది.