అరవై రోజుల బియ్యం

"అన్నం... ఒంటికా?"

పక్షవాతం వచ్చిన మూడున్నర నెలల తర్వాత మా నాన్న నోటి నుంచి స్పష్టంగా వచ్చిన మొదటి ప్రశ్న ఇది. కేరళలో, మలప్పురం జిల్లా కొట్టక్కల్ ఊరి చివర ఒక చిన్న ఆయుర్వేద ఆసుపత్రిలో, పొడవాటి చెక్క ద్రోణిలో గోచీతో పడుకుని అడిగారు. పక్కన పొయ్యి మీద వెడల్పాటి గిన్నెలో పాలూ కషాయమూ కలిసి సన్నగా కాగుతున్నాయి. అందులో గుడ్డ మూటలు మునిగి ఉన్నాయి. మూటల్లో ఉన్నది ఉడికిన అన్నం.

నాన్న యాభై ఏళ్లు వరి పండించిన మనిషి. కంచం బయట పడ్డ మెతుకుని ఏరి మళ్లీ కంచంలో వేసుకునే మనిషి. ఆయన ముఖంలో కనిపించింది భయం కాదు, నొచ్చుకోవడం.

చికిత్స చేసే ఆయన్ని అక్కడ అందరూ 'చేట్టన్' అంటారు, అంటే అన్న. అరవై ఏళ్లు ఉంటాయేమో. అరిచేతులు నూనెకి నాని మెత్తగా, వెడల్పుగా ఉన్నాయి. నాన్న అడిగింది నేను వచ్చీరాని తమిళంలో చెబితే నవ్వలేదు. చేతులు తుడుచుకుని వెళ్లి, ఒక డబ్బాలోంచి గుప్పెడు వడ్లు తెచ్చి నాన్న ఎడమ అరచేతిలో పోశాడు. పొట్టు నల్లగా ఉంది. నాన్న బొటనవేలితో నలిపి చూసి, ఒక గింజ నా వైపు జరిపారు. కొరికి చూపించాను. లోపల ఎర్రగా ఉంది.

"ఎన్ని... రోజులు?"

చేట్టన్ ఆరు వేళ్లు చూపించి, తర్వాత పిడికిలితో సున్నా చుట్టాడు. అరవై.

నాన్న పండించేది బీపీటీ 5204, మన సాంబ మసూరి. విత్తు నుంచి కోత దాకా లెక్కేస్తే నూట యాభై రోజుల దాకా పడుతుంది. అరవై రోజుల్లో పండే వరి ఉందని వినడం వేరు, గుప్పిట్లో పట్టుకోవడం వేరు. ఆ గింజల్ని ఆయన తిరిగి ఇవ్వలేదు. చికిత్స జరిగిన గంటసేపూ ఎడమ గుప్పిట్లోనే ఉంచుకున్నారు.

ఆ బియ్యం పేరు 'ఞవర'. మనం బడిలో అక్షరమాల దిద్దేటప్పుడు తప్ప ఒంటరిగా ఎక్కడా వాడని ఆ 'ఞ' మలయాళంలో ఇంటింటి అక్షరం. 'కిళి' అంటే మూట. రెండూ కలిపి ఞవరకిళి. చరక సంహితలో చెప్పిన షష్టికం ఇదే జాతి అంటారు, షష్టి అంటే అరవై కదా. చేను పడిపోతుంది, దిగుబడి తక్కువ, అందుకని రైతులు చాలావరకు వదిలేశారు. మందు కోసమే ఇంకా కొందరు పండిస్తున్నారు. పాలక్కాడ్ వైపు పండే ఞవరకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

బియ్యాన్ని బల అనే మొక్క వేరు కషాయంలో, పాలతో కలిపి మెత్తగా ఉడికిస్తారు. మూటలు కట్టి, ముందుగా నూనె పట్టించిన ఒంటి మీద అటూ ఇటూ ఇద్దరు నిలబడి ఒకే లయలో రుద్దుకుంటూ పోతారు. మూట చల్లారేలోపు ఇంకోటి గిన్నెలోంచి వస్తుంది. ప్రతి మూటనీ ముందు తన చేతి వెనక్కి తాకించుకుని చూసుకున్నాకే చేట్టన్ నాన్నకి పెట్టాడు. వాతం వచ్చిన వైపు స్పర్శ సరిగా ఉండకపోవచ్చు, కాలినా మనిషికి తెలియకపోవచ్చు. ఈ ఒక్క జాగ్రత్త చూశాకే నాకు ఆ మనిషి మీద గురి కుదిరింది. చివర్లో ఒంటికి అంటుకున్న అన్నాన్ని కొబ్బరాకుతో మృదువుగా గీకి తీస్తారు. నాన్న కళ్లు మూసుకున్నారు.

అసలు మేం ఇక్కడికి ఆలస్యంగానే వచ్చాం, అదీ ఒక తప్పు దారి తొక్కి. ఆ రోజు ఉదయం గట్టు మీద నాన్నకి కుడి చెయ్యి జారిపోయింది, మూతి ఒక పక్కకి లాగేసింది. ఊళ్లో వైద్యం చేసే ఒకాయన సూది వేసి, సాయంత్రం దాకా చూద్దాం అన్నాడు. చూశాం. రక్తం గడ్డకట్టి మెదడుకి దారి మూసుకుపోతే, ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువని గుంటూరులో స్కాన్ తీసిన డాక్టరు చెప్పేసరికి సాయంత్రం కూడా దాటిపోయింది. ఆ గంటలు నేను ఏ నూనెతోనూ వెనక్కి తేలేను. మూతి వంకరపోతే, చెయ్యి వాలితే, మాట ముద్దగా వస్తే 108కి ఫోన్ చెయ్యండి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. కేరళ ఎక్కడికీ పోదు.

తర్వాత చుట్టాల సలహాలు. పావురం రక్తం రాయమన్నారు. రాయలేదు. ఒకచోట మాత్రం మోసపోయాం. అక్కడొకాయన పేరూ చీటీ లేని నల్లటి పొడి ఇచ్చి, బీపీ మాత్రలు ఆపేస్తేనే మందు పని చేస్తుందన్నాడు. అమ్మ నమ్మింది, నేనూ గట్టిగా కాదనలేదు. వారం తిరక్కుండా పై అంకె రెండొందలు దాటింది. ఆ రాత్రి మళ్లీ ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఇక ఎవరి దగ్గరికి వెళ్లినా ఒక్కటే పరీక్ష పెట్టాలని నిర్ణయించుకున్నాను: పాత మాత్రల గురించి వాళ్లేం అంటారో.

విజయవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలక్కాడ్‌లో దిగాం. రైలు సంగతి చెప్పుకోవడానికేం లేదు, కింద బెర్తు దొరికింది, అంతే. కోయంబత్తూరు దాటాక పడమటి కనుమలు రెండుగా విడిపోయి దారిస్తాయి. ఆ కనుమ దాటగానే రెండు వైపులా వరి చేలు. అప్పటిదాకా గోడ వైపు తిరిగి పడుకున్న నాన్న, అమ్మ సాయంతో లేచి కిటికీకి ఆనుకున్నారు.

కొట్టక్కల్ ఆసుపత్రి వైద్యుడు నాడి పట్టుకునే ముందే డిశ్చార్జ్ కాగితాలు అడిగారు. స్కాన్ రిపోర్టు చదివారు. మాత్రల్ని ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టించి చూశారు. రక్తం పలచబడే మాత్ర, బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, అన్నీ కొనసాగించాలన్నారు. కషాయానికీ వాటికీ మధ్య ఎడం ఉండాలన్నారు. బీపీ ఎక్కువగా ఉందని మొదటి రెండు రోజులు నూనె ముట్టనివ్వలేదు. "మెదడులో చనిపోయిన భాగాన్ని మేం బతికించలేం. బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తాం, నొప్పి తగ్గిస్తాం, నిద్ర పట్టిస్తాం. తర్వాత వ్యాయామం మీ నాన్నగారిది" అన్నారు. నేను పెట్టుకున్న పరీక్ష నెగ్గింది ఆయనొక్కరే.

ఒక మధ్యాహ్నం ఆర్య వైద్య శాల వైపు వెళ్లాను. 1902లో వైద్యరత్నం పి.ఎస్. వారియర్ మొదలుపెట్టిన సంస్థ అది, ఈ ఊరి పేరు దేశానికి తెలిసింది దానివల్లే. ఆయన సంగతి ఒకటి నన్ను పట్టుకుంది. సంప్రదాయంగా ఆయుర్వేదం నేర్చుకున్న ఆ మనిషికి కంటి జబ్బు వస్తే మంజేరిలో ఇంగ్లీషు వైద్యం చేసే ఒక డాక్టరు దగ్గరికి వైద్యానికి వెళ్లారు. వెళ్లి, ఆయన దగ్గరే ఆ వైద్యం కూడా నేర్చుకున్నారు. ఆ తర్వాతే ఈ శాల పెట్టారు. 1924లో పేదల కోసం ధర్మాసుపత్రి, 1939లో కథాకళి బృందం. ఆయన మేనల్లుడు పి.కె. వారియర్ దశాబ్దాల పాటు దాన్ని నడిపి, నూరేళ్లు నిండాక 2021లో కన్నుమూశారు. రెండు వైద్యాలూ బద్ధ శత్రువులన్నట్టు మన దగ్గర మాట్లాడేవాళ్లకి ఆ మంజేరి ప్రయాణం తెలియాలి.

వారం ఎలా గడిచిందో చెప్పలేను. ఉదయం కషాయం, తర్వాత పిళిచిల్, సాయంత్రం ఫిజియోథెరపీ, చీకటి పడగానే నిద్ర. పిళిచిల్ అంటే పిండడం. గోరువెచ్చటి తైలంలో గుడ్డ ముంచి, ఒంటి మీద ధారగా పిండుతూ ఇంకో చేత్తో నిమురుతారు. తిండి మాత్రం మాకు కష్టమైంది. గంజి, పెసలు, కాస్త కొబ్బరి. పెరుగు లేదు, ఊరగాయ ఊసే లేదు. మూలికలు వేసి కాచిన ఎర్రటి తాగే నీళ్లని చూసి అమ్మ మొదటి రోజు తుప్పు నీళ్లనుకుని పారబోసింది. గదులు శుభ్రంగా ఉన్నాయి కానీ మంచాలు మరీ ఎత్తు. కాలు ఈడ్చే రోగులు వచ్చే చోట అది క్షమించరాని లోపం, వాళ్లకీ చెప్పాను.

పదమూడో రోజు సంగతి రాయాలి. నాన్న కుడి గుప్పిట మూడు నెలలుగా బిగుసుకుపోయి ఉంది. వేళ్లు బలంగా విప్పితే కేక పెట్టేవారు. గోళ్లు పెరిగి అరచేతిలోకి దిగాయి, చర్మం నాని చెడు వాసన వచ్చేది. అమ్మ రోజూ వేళ్ల సందుల్లోంచి తడి గుడ్డ దూర్చి తుడిచేది. ఆ రోజు కిళి అయ్యాక చేట్టన్ ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకున్నాడు. మణికట్టుని కిందికి వంచి, చిటికెన వేలు మొదలుపెట్టి, ఒక్కొక్క వేలి మొదట్లో మెత్తగా నొక్కుతూ పోయాడు. తొందరే లేదు. బొటనవేలు చివరిది. గుప్పిట విచ్చుకుంది. అరచేతిలో నాలుగు అర్ధచంద్రాలు, పాలిపోయిన చర్మం, గీతల్లో నల్లటి మురికి. నేను పరుగెత్తి నెయిల్ కట్టర్ తెచ్చాను. అమ్మ గోళ్లు తీసింది, ఒక్కొక్కటీ తీసి తన కొంగులో వేసుకుంది. నాన్న ఆ అరచేతిని కళ్ల దగ్గరికి తీసుకెళ్లమని సైగ చేసి చాలాసేపు చూసుకున్నారు.

అరగంటలో వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి. కానీ ఆ తర్వాత రోజూ, వేడి తగిలాక, కాసేపు విప్పుకునేవి. ఆ కాసేపట్లోనే ఫిజియో అమ్మాయి వచ్చి చెక్క ముక్కలు పట్టించేది. సాయంత్రం వ్యాయామాన్ని కిళి అయిన వెంటనే పెట్టమని అడిగింది ఆ అమ్మాయే, వైద్యుడు ఒప్పుకున్నారు. నాకు ఈ మొత్తం యాత్రలో అన్నిటికంటే విలువైన నిర్ణయం అదే అనిపిస్తుంది.

ఇరవై ఒక్క రోజుల తర్వాత నాన్న కర్రతో వరండా చివరి దాకా నడిచారు. ఎంత భాగం కిళి వల్ల, ఎంత వ్యాయామం వల్ల, ఎంత మొదటి నెలల్లో శరీరం తనంతట తాను కోలుకోవడం వల్ల అంటే విడదీసి చెప్పడం నా వల్ల కాదు. పక్షవాతంలో ఈ చికిత్సల మీద పెద్ద పరిశోధనలు తక్కువేనని అక్కడి వైద్యుడే ఒప్పుకున్నారు. నేను చూసింది మాత్రం చెప్పగలను. నొప్పి తగ్గింది, రాత్రులు నిద్రపోయారు, గోళ్లు తీయించుకున్నారు, రోజుకి రెండు గంటలు ఇద్దరు మనుషులు ఆయన ఒంటిని బరువుగా కాక గౌరవంగా పట్టుకున్నారు.

వచ్చే ముందు రోజు చేట్టన్ ఒక కాగితం పొట్లం ఇచ్చాడు. ఞవర వడ్లు, దోసెడు. నాన్న ఎడమ చేత్తో దండం పెట్టబోయి, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని పైకెత్తి, రెండూ కలిపారు.

ఇప్పుడు మా ఇంటి పెరట్లో సిమెంటు తొట్టిలో ఆ వరి మొలిచింది. నాన్న రోజూ కుర్చీ వేయించుకుని దాని పక్కన కూర్చుంటారు. బీపీ మాత్ర కూడా అక్కడే వేసుకుంటారు.

వెళ్లదలచినవాళ్లకి ఒక మాట. డిశ్చార్జ్ కాగితాలు, స్కాన్, రోజూ మింగే మాత్రల పేర్లు రాసిన చీటీ తీసుకెళ్లండి. అక్కడి వైద్యుడు ముందుగా అవి అడగాలి. అడగకపోయినా, మాత్రలు ఆపేయమన్నా, ఫీజు కట్టేశాం కదా అని ఆగకండి. లేచి వచ్చేయండి.