గొలుసు పట్టిన చెయ్యి, ఖాళీ అయిన కొండలు

గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్న కూతురు తండ్రి కోసం వెదికి వెదికి ఒక యాత్రను ఎంచింది. ఎనిమిది మంది మనుషులు, ఒక చిన్న వ్యాను, దాన్ని నడిపే ఆవిడే దారి పొడవునా కథలు చెప్పే ఆవిడ కూడా. రోజుకు రెండు మూడు చోట్లకు మించి ఆగరు, ఆగిన చోట తొందరపెట్టరు. ఇన్వర్నెస్ నుంచి తూర్పు తీరం వెంట ఉత్తరానికి, అక్కడి నుంచి పడమటి కొండల్లోకి, ఆపైన ఓడలో లూయిస్ ద్వీపానికి ఏడు రోజుల ప్రయాణం. తండ్రికి 66 ఏళ్లు. మోకాళ్ల నొప్పి ఉంది. భార్య పోయినప్పటి నుంచి కర్నూలులో ఇల్లు కదలడం లేదు. నిదానంగా సాగే యాత్ర అయితేనే ఆయన ఒప్పుకుంటారని కూతురికి తెలుసు.

ఆయన 1980లో సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేరి, మండల సర్వేయరుగా విరమించిన మనిషి. ఏ దేశంలోనైనా నేలను చూడగానే హద్దు ఎక్కడో వెదికే కళ్లు ఆయనవి. వ్యానులో కిటికీ పక్కన కూర్చొని, గంటల తరబడి సాగే ఆ పచ్చని లోయలను చూస్తూ ఆయన మొదటి రోజు అడిగింది ఒకటే ప్రశ్న: "ఇంత నేల ఉందే, మనుషులేరి తల్లీ?"

యాత్రల కరపత్రాలు ఈ ప్రాంతాన్ని ఐరోపాలో మిగిలిన చివరి అడవినేల అని వర్ణిస్తుంటాయి. ప్రశాంతత కోరి వచ్చేవారికి ఆ మాట నచ్చుతుంది. అది అబద్ధమని ఒక చైన్‌మన్ కంటికి మొదటి రోజే తట్టింది. కొండవాలు మీద ఎండ ఏటవాలుగా పడినప్పుడు గడ్డి కింద వరుసలు వరుసలుగా సాళ్లు లేచి కనిపిస్తాయి. ఎప్పుడో ఎవరో దున్ని, ఎత్తు చేసి, పంట పండించిన సాళ్లు. పెద్ద బస్సులో యాభై మందితో పోయేవారికి అవి కనపడవు. అలాంటి బస్సు అక్కడ ఆగదు.

అల్నెస్ అనే ఊరి దగ్గర కొండ మీద ఒక రాతి తోరణం ఉంది. ఫైరిష్ కట్టడం అంటారు. 1781లో డచ్చివారి నుంచి నాగపట్టణాన్ని గెలిచిన సర్ హెక్టర్ మన్రో ఆ ఊరి కోటద్వారం నమూనాలో దాన్ని కట్టించాడు. అంతకు ముందు ఏడాది పొల్లిలూరు దగ్గర హైదర్ అలీ సేనలు ఆంగ్ల పటాలాన్ని తుడిచిపెడుతుంటే, కంచి దాపున ఉండి కూడా ఆదుకోలేక మద్రాసుకు మళ్లిన మన్రో ఇతడే. ఓటమికి తోరణాలు కట్టరు గనక ఆ కొండ మీద నాగపట్టణం ఒక్కటే నిలిచింది. పనుల్లేక ఆకలితో ఉన్న స్థానికులకు కూలి దొరకాలని అతడు దాన్ని కట్టించాడనీ, పని త్వరగా అయిపోకుండా రాత్రిళ్లు రాళ్లను కిందికి దొర్లించేవాడనీ అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. ఇది విని పెద్దాయన నవ్వారు. కరువు పనుల్లో తవ్విన గుంతనే మళ్లీ పూడ్పించడం రాయలసీమ మనిషికి కొత్త సంగతి కాదు.

గోల్‌స్పీ దాటేటప్పుడు కొండ కొమ్మున సదర్లండ్ మొదటి డ్యూక్ విగ్రహం కనిపిస్తుంది. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ డ్యూక్ కుటుంబపు ఎస్టేట్‌లోనే లోయలకు లోయలు ఖాళీ చేయించారు. గొర్రెల పెంపకంలో కౌలు కంటే ఎక్కువ రాబడి ఉందని తేలింది, గొర్రెలకు అడ్డం మనుషులు. స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్లకు నిప్పు పెట్టించాడన్న ఆరోపణపై ఎస్టేట్ అధికారి ప్యాట్రిక్ సెల్లార్‌ను 1816లో ఇన్వర్నెస్‌లో విచారించారు, నిర్దోషిగా వదిలిపెట్టారు. విగ్రహం మీదేమో దాన్ని కృతజ్ఞులైన రైతులే నిలిపినట్టు చెక్కి ఉంది. విగ్రహాల కింద ఏం చెక్కాలో నిర్ణయించేవారు ఏ దేశంలోనైనా ఒకే తెగ.

మూడో రోజు మధ్యాహ్నం వ్యాను బాడ్‌బే దగ్గర ఆగింది. పెద్ద రోడ్డు నుంచి పావుగంట నడక. సముద్రానికి నిటారుగా తెగిపోయే కొండ అంచున రాతిగోడల మొండాలు. లంగ్‌వెల్, బెరిడేల్ లోయల నుంచి తరిమిన కుటుంబాలకు బతకడానికి మిగిలిన చోటు అది. వెనక గొర్రెల కోసం కట్టిన గోడ, ముందు అగాధం. గాలి ఎంత ఉధృతమంటే, పసిపిల్లలు అంచు దాటి పడిపోకుండా పశువులతో పాటు వాళ్లనూ తాళ్లతో కట్టేసేవారని అక్కడ చెబుతారు. ఆఖరి మనిషి 1911లో ఊరు విడిచాడు. అదే ఏడు, ఆ ఊరి నుంచి న్యూజిలాండ్ వెళ్లిన ఒకరి కొడుకు అక్కడొక స్మారకం కట్టించి, కుటుంబాల పేర్లు చెక్కించాడు.

జట్టులో న్యూజిలాండ్ దంపతులు ఉన్నారు. ఆవిడ ముత్తాతలు ఈ తీరం వాళ్లే. చలిలో వేళ్లతో తడుముతూ ఆవిడ పేర్లు చదువుకుంటోంది. పెద్దాయన అటు పోలేదు. ఒక గోడ మొండెం లోపల అడుగులు కొలుస్తూ నడిచారు. పొడుగు, వెడల్పు. గడప రాయి. పొయ్యి ఉండవలసిన చోటు. బయటికి వచ్చి గైడును అడిగారు, కూతురు తర్జుమా చేసింది: "వీళ్లకు నష్టపరిహారం ఎంత ఇచ్చారు?"

ఏమీ ఇవ్వలేదని ఆవిడ చెప్పింది. వాళ్లు ఏటా పొడిగించే కౌలు మీద బతికినవాళ్లు, గడువు పొడిగించకపోతే చాలు. ఖాళీ చేయించడానికి కొత్తగా చట్టం అక్కర్లేకపోయింది.

ఆయన తల ఊపారు. ఆ తర్వాత వ్యానులో రెండు గంటల పాటు మాట్లాడలేదు. ఎప్పటిలా కారప్పొడి డబ్బా తీసి ఉడికించిన బంగాళాదుంప మీద చల్లుకోనూ లేదు. రాత్రి బసలో, పది దాటినా ఆరని వెలుతురులో, కూతురికి 1981 సంగతి చెప్పారు. ఆ పిల్లకు 38 ఏళ్లు, అంతవరకూ ఆమెకు అది తెలియదు.

శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. 1981 ఎండాకాలంలో అధికారులు, పోలీసులు, కూల్చే కూలీలు ఊరూరికీ దిగారు. అందుకోసం వాడింది 1894 నాటి భూసేకరణ చట్టం. సొంత దేశంలో చట్టం అక్కర్లేకుండా చేసిన పనికి ఇక్కడ తెల్లవారు పకడ్బందీగా చట్టం రాసి పోయారు, స్వతంత్ర ప్రభుత్వం దాన్ని మరో అరవై ఆరేళ్లు భద్రంగా వాడుకుంది. ఇరవై రెండేళ్ల ఆ చైన్‌మన్ పని టేపు కొస పట్టుకోవడం. ఇంటి పొడుగు, వెడల్పు, గోడ మట్టిదా రాయిదా, కప్పు ఏమిటి. పైఅధికారి రాసుకునేవాడు. ఒక ఇంట్లో ముసలామె ఆయనకు మజ్జిగ ఇచ్చి, "నాయనా, ఒక మూర ఎక్కువ పట్టు" అని అడిగింది. ఆయన పట్టలేదు. ఉద్యోగం కొత్త, పక్కన అధికారి ఉన్నాడు. కొలత కొలతే.

ఆ కాలంలోనే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురానికి తరలించి తిరిగి నిలబెట్టారు. అది గొప్ప పనే, సందేహం లేదు. దేవుడికి అంకెలు వేసి తీసుకెళ్లిన యంత్రాంగం మనుషులను మాత్రం లెక్క రాసుకొని వదిలేసింది. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న జీవో 98 వచ్చింది 1986లో. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవారి జుట్టు నెరిసింది, తర్వాత వారి కొడుకులు తిరగడం మొదలుపెట్టారు. ఇప్పుడు పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు. డ్యాము ఎత్తు గురించి, నిధుల గురించి పార్టీలన్నీ మాట్లాడతాయి. గోదావరి గట్టున కొండరెడ్లు, కోయలు ఏ కాలనీలో ఏ పని చేసుకొని బతుకుతున్నారన్నది మాత్రం ఎన్నికల సభలో చప్పట్లు రాల్చే అంశం కాదు.

నాలుగో రోజు అసింట్. లోచిన్వర్ చుట్టూ నల్లరాతి కొండలు, వాటి మధ్య అద్దం ముక్కల్లా చెరువులు. రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. ఎదురుగా బండి వస్తే, తప్పుకోవడానికి వదిలిన చోట ఒకరు ఆగాలి, దాటిపోయేవారు చెయ్యెత్తి పలకరించాలి. ఈ మర్యాద పెద్దాయనకు బాగా నచ్చింది, రెండో రోజు నుంచే ప్రతి బండికీ ఆయనే చెయ్యెత్తుతున్నారు.

అక్కడ గైడు చెప్పిన కథ ఆయన నోటుబుక్కుకు ఎక్కింది. ఇక్కడి చిన్నకారు కౌలు రైతులకు 1886 చట్టం భూమి నుంచి వెళ్లగొట్టరాదన్న రక్షణ ఇచ్చింది. యాజమాన్యం మాత్రం దొరలదే. 1990ల మొదట్లో ఉత్తర లోచిన్వర్ ఎస్టేట్‌ను కొన్న ఒక విదేశీ కంపెనీ దివాలా తీసి, 21,000 ఎకరాలు ముక్కలుగా అమ్మకానికి వచ్చాయి. ఆ నేల మీదే బతుకుతున్న రైతులు సంఘం కట్టి, చందాలు పోగుచేసి, 3 లక్షల పౌండ్లకు 1993లో దాన్ని కొనేశారు. 1997 జూన్‌లో ఎయిగ్ ద్వీపవాసులు తమ ద్వీపాన్నే కొనుక్కున్నారు. 2003లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన భూసంస్కరణ చట్టం, దొరకు ఇష్టం లేకపోయినా ఇలాంటి రైతు సమాజాలు భూమిని కొనుక్కునే హక్కును రాసింది. దీన్ని చూసి స్కాట్లండ్‌లో అంతా చక్కబడిందనుకోనక్కర్లేదు. అక్కడి ప్రైవేటు గ్రామీణ భూమిలో సగం ఇప్పటికీ ఐదువందల మంది లోపు చేతుల్లోనే ఉందని అంచనా. పైగా తమ నేలను తామే కొనుక్కోవలసి రావడం ఏ పాటి న్యాయం? డబ్బు పోగుచేయలేని ఊరి సంగతేమిటి?

అయినా ఒక పోలిక తప్పించుకోలేనిది. ఎయిగ్ ద్వీపం చేతులు మారిన మరుసటి నెలలోనే, 1997 జూలైలో, భారత సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పు చెప్పింది. విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజుల నుంచి పుట్టిన కేసు అది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదన్నది. అక్కడ ఒక విజయం చట్టంగా మారడానికి ఆరేళ్లు పట్టింది. ఇక్కడి విజయం చేతికి వచ్చిన రోజు నుంచీ దాన్ని ఎలా దాటాలన్న ఆలోచన ఢిల్లీలోనూ రాష్ట్ర రాజధానుల్లోనూ సాగుతూనే ఉంది.

ఉల్లాపూల్ నుంచి ఓడలో ప్రయాణిస్తే స్టోర్నోవే వస్తుంది. రేవులోకి వస్తుంటేనే ఎదురుగా లూస్ కోట. భారతదేశపు నల్లమందును చైనాకు అమ్మి కోట్లు గడించిన జేమ్స్ మాథిసన్ 1844లో ద్వీపాన్నంతా కొని కట్టించిన కోట అది. మాల్వా, బిహారు పొలాల గసగసాల పాలు అక్కడ గోపురాలై నిలిచాయి. 1923లో, అప్పటి యజమాని లార్డ్ లెవర్‌హల్మ్ స్టోర్నోవే పరిసరాల భూమిని ప్రజలకు ఇచ్చివేశాడు. నేటికీ ఆ భూమి ఎన్నికైన ధర్మకర్తల చేతిలో ఉంది.

పెద్దాయన అసలు ఈ ఊరి పేరు చూసే యాత్రకు ఒప్పుకున్నారని కూతురికి ఓడలో తెలిసింది. కల్నల్ కాలిన్ మెకంజీ 1754లో పుట్టిన ఊరు ఇది. దత్తమండలాలను కొలిపించినవాడు, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల తోడుతో ఊరూరి కైఫీయతులు రాయించినవాడు, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయినవాడు. సర్వే శాఖలో పనిచేసిన మనిషికి అది మూలపురుషుడి ఊరు. మెకంజీ పటాలు కంపెనీకి శిస్తు కోసం, యుద్ధం కోసం పనికొచ్చాయి, అందులో దాపరికం లేదు. కానీ గొలుసుతో పాటు కథనూ పట్టుకు రమ్మని మనుషులను పంపినవాడు అతడే. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఊరు ఎప్పుడు పాడుపడి ఎప్పుడు తిరిగి వెలసింది, అన్నీ రాయించాడు. 1981లో కర్నూలు జిల్లాలో కొలిచినవారు ఇళ్ల వైశాల్యం మాత్రమే రాసుకున్నారు.

ఆదివారం స్టోర్నోవేలో చాలా దుకాణాలు తెరవరు. సబ్బాతు నిష్ఠ ఇంకా గట్టిగా ఉన్న ద్వీపం, ఆదివారం ఓడ నడవడమే 2009లో మొదలైంది. జట్టులో కొందరు విసుక్కున్నారు. బయట సన్నని వాన. బస చేసిన ఇంట్లో, యాత్ర ఎలా ఉందో రాయమని ఇచ్చిన కాగితాన్ని పెద్దాయన వెనక్కి తిప్పి పెన్సిలుతో గీస్తున్నారు. మొదట ఉత్తర దిక్కు బాణం. తర్వాత తుంగభద్ర ఒడ్డు, రేవు మెట్లు, రచ్చబండ, ఆంజనేయస్వామి గుడి, మంచినీళ్ల బావి. ఆపైన వీధి వెంట ఇళ్లు, ఒక్కొక్కదానికీ అంకె, అంకె పక్కన పేరు. మధ్యాహ్నానికి ముప్పై ఏడు ఇళ్లయ్యాయి.

"ఇది ఎవరికి ఇస్తావు నాయనా?" అని కూతురు అడిగింది.

ఆయన తలెత్తలేదు. మజ్జిగ ఇచ్చిన ముసలామె ఇంటి పక్క ఇల్లు ఎవరిదో గుర్తుకు రావడం లేదని, కర్నూలుకు పోగానే పునరావాస కాలనీలో ఎవరినైనా అడగాలని, అడగాలంటే ముందు ఆ కాలనీకి వెళ్లాలని అన్నారు. రిటైరయ్యేదాకా ఆ రోడ్డున ఎన్నిసార్లు పోయినా ఆయన అక్కడ దిగింది లేదు.