గీత తప్పిన చుక్క

మా చెల్లెలి కూతురి పెళ్ళికి నా చేత మంగళహారతి పాడించి, రికార్డు చేసి పంపాలని మావాడికి బుద్ధి పుట్టింది. అరవై నాలుగేళ్ళ గొంతుతో పాటలేమిట్రా అంటే వింటేనా! చెవులకి డిప్పల్లాంటివి తగిలించి, అందులో నిమిషానికి 60 చొప్పున టిక్కు టిక్కుమనిపిస్తూ పాడించాడు.

"మరి మృదంగమో?" అన్నాను.

"నేను లేనూ!" అన్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగి మృదంగం ముట్టుకున్న పాపాన పోలేదు.

మా పుట్టింట్లో మృదంగమంటే నాన్నగారే. వాయించేముందు ఎడమ మూతకి తడిపిన రవ్వ ముద్ద అంటించేవారు. అప్పుడుగానీ ఆ గుంభనమైన నాదం పలకదు. "ఉప్మాకని దాచిన రవ్వంతా ఆ మృదంగమే తినేస్తోంది" అని అమ్మ సణుగుడు.

మావాడి మృదంగానికి రవ్వా లేదు, చర్మమూ లేదు. రబ్బరు మెత్తలున్న చిన్న పెట్టె. ఎవరో విద్వాంసుడు వాయించగా ఒక్కో దెబ్బా విడివిడిగా రికార్డు చేసి ఉంచారట. మెత్త మీద వేలు వేస్తే ఆ దెబ్బ పలుకుతుంది. కంప్యూటరు తెర మీద అన్నీ గళ్ళు. వరసకొక దెబ్బ: త, ధి, తొం, నం. మావాడు వేలు వేసినచోటల్లా కాజూ బర్ఫీ ముక్కలాంటి చుక్క పడుతోంది.

"ఒరేయ్, ఇది చుక్కల ముగ్గు కదురా!" అన్నాను.

కాకపోతే ఈ ముగ్గులో ఒక్కో తాళం దెబ్బనీ 480 ముక్కలు చేశారట. చుక్కని ఒక్క ముక్క అటో ఇటో జరపవచ్చు. దెబ్బ ఎంత గట్టిగా పడాలో 1 నుంచి 127 దాకా అంకెలున్నాయి. మావాడి వేళ్ళు తడబడ్డాయేమో, చుక్కలన్నీ గీతలకి అటూ ఇటూ పడి ఉన్నాయి. 'క్వాంటైజ్' అని ఒక్క మీట నొక్కాడు. బడిగంట విన్న పిల్లల్లా చుక్కలన్నీ గీతల మీదికి వచ్చి నిలబడ్డాయి! 1980లో రోజర్ లిన్ అనే అమెరికా ఆయన చేసిన డ్రమ్ము యంత్రంలోనే ఈ దిద్దుబాటు ఉండేదిట.

విన్నాను. వంక పెట్టడానికి లేదు. అదే దాని వంక.

"అన్నీ ఒకే బలంతో కొడితే ఎలారా? కూరంతా ఒకే ముక్క తిన్నట్టుంది" అన్నాను. కొన్ని చుక్కలు 110కి పెంచాడు, కొన్ని 50కి దించాడు. కాస్త ఉప్పు తగిలినట్టయింది. తరవాత యంత్రం చేతనే చుక్కల్ని ఇష్టం వచ్చినట్టు కొద్దికొద్దిగా చెదరగొట్టించాడు, మనిషి వాయించినట్టుంటుందిట. చెప్పులు మార్చి తొడుక్కున్నవాడి నడకలా వచ్చింది. ఎందుకు తప్పిందో తెలియని తప్పు వట్టి తప్పే కదండీ!

రెండో చరణం దగ్గర మావాడు ఆగాడు. "అమ్మా, ఇక్కడ ఊపిరి తీసుకుని నువ్వు లేటుగా అందుకున్నావు. నీ గొంతు కాస్త ముందుకి జరిపేస్తాను."

నవ్వుతూనే అన్నాడు. నాకే గుండెలో కలుక్కుమంది.

పదహారేళ్ళప్పుడు దసరా పందిట్లో మొదటిసారి పాడాను. పక్కన నాన్నగారి మృదంగం. చరణం ఎత్తుకోబోతే ఊపిరి చాలలేదు. ఆయన చెయ్యి రవ్వంత ఆగింది. నేను అందుకోగానే దెబ్బ పడింది. పందిట్లో ఒక్కరికీ తెలియలేదు. ఇంటికొచ్చాక "నాకోసం ఆగారు కదూ?" అంటే, "ఆగలేదే, నీ వెంట వచ్చాను" అన్నారు.

"గొంతు ముట్టుకోకు. మృదంగాన్ని జరుపు" అన్నాను మావాడితో.

ఆ చరణం మొదటి దెబ్బని 10 ముక్కలు వెనక్కి జరిపాడు. ఇంకా నాకంటే ముందే పరుగెత్తుతోంది. 30 జరిపితే ఈడ్చినట్టుంది. 20 దగ్గర గొంతూ దెబ్బా కలిశాయి. అంటే సెకనులో 24వ వంతు! దాని బలం 100 నుంచి 70కి దింపమన్నాను. తరవాతి దెబ్బలు ఒక్కసారిగా గీతెక్కితే ఉలిక్కిపడ్డట్టుంటుందని, 12, 6 చొప్పున మెల్లిగా గీత మీదికి తెప్పించాను. మావాడు నోరు తెరుచుకుని నావైపు చూశాడు.

పాట పంపిన రాత్రే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, మృదంగం ఎవరే? రెండో చరణం దగ్గర..." అని ఆగిపోయింది.

"మావాడే. ఈసారి రవ్వ ఖర్చు కూడా కాలేదు" అన్నాను.

అటువైపు కాసేపు మాట లేదు. నేనూ ఆగాను.