నా వయసు సున్నా సున్నా!

మా డాబా ఎక్కిన కొత్తవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "బట్టల తీగ అంత ఎత్తున కట్టుకున్నారేమిటండీ, అందుతుందా?" అని. అది బట్టల తీగ కాదండీ, మా రేడియోకి ఏరియల్ అని చెబుతాను. వాళ్లనని ఏం లాభం? ఒకసారి మా పనమ్మాయే కర్రతో కిందికి లాగి నా తడిచీర దానిమీద ఆరేసింది. కింద రేడియో మీటరేమో ఎప్పుడూ లేనంత పైకి పోయింది. ఏం చెడిపోయిందో తెలియక గంటసేపు కంగారు పడ్డాను.

మాది రాజమహేంద్రవరం. మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హామ్ రేడియో పిచ్చిలో పడి ఒక సెట్టు కొనుక్కున్నాడు. ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్లాక అది బీరువా మీద దుమ్ము పట్టిపోయింది. వారం వారం ఆ దుమ్ము తుడిచింది నేనే. తుడిచీ తుడిచీ ఒకరోజు "దీంట్లో అసలేముందిరా?" అని ఫోన్లో అడిగాను. అలా మొదలైంది.

ఊరికే కొనుక్కుని మాట్లాడేస్తామంటే కుదరదు. కేంద్ర టెలికం శాఖ వారి పరీక్ష పాసవ్వాలి, లైసెన్సు తీసుకోవాలి. కరెంటు, తరంగాలు, నియమాలు అన్నీ చదవాలి. నేను డిగ్రీలో చదివింది తెలుగు సాహిత్యం! అబ్బాయి పాత పుస్తకాలు ముందేసుకుని, మధ్యాహ్నాలు సీరియళ్లు మానేసి చదివాను. రిస్ట్రిక్టెడ్ గ్రేడు వచ్చింది. విక్టర్ యూనిఫాం త్రీ అని మొదలయ్యే ఒక పేరు ఇచ్చారు. దాన్నే కాల్‌సైన్ అంటారు. ప్రపంచంలో ఇంకెవరికీ ఆ పేరు ఉండదు. మా ఇంట్లో గ్యాసు బుక్కు దగ్గర్నుంచీ అన్నీ మావారి పేరునే ఉన్నాయి. నా ఒక్కదాని పేరున వచ్చిన మొదటి వస్తువు అదేనేమో!

నాకు అనుమతించిన శక్తి 50 వాట్లు. నెత్తిమీద తిరిగే మామూలు ఫ్యాను అంతకంటే ఎక్కువ తింటుంది. ఏరియల్ అంటే పది మీటర్ల రాగి తీగ, మధ్యకి కత్తిరించి అటు ఐదు, ఇటు ఐదు. కొలిచి కట్టింది మావారే. ఆ తీగతోనే 2023 సెప్టెంబరు నుంచి ఒక సంవత్సరం పాటు పోటీల్లో పాల్గొన్నాను.

పోటీ అంటే పెద్ద విషయమేమీ కాదు. చెప్పిన శని, ఆదివారాల్లో ప్రపంచమంతటా హామ్‌లు రేడియోల ముందు కూర్చుంటారు. ఎక్కువ మందితో, ఎక్కువ దేశాలతో మాట్లాడిన వాళ్లకి ఎక్కువ పాయింట్లు. పిల్లలెంతమంది, ఏం వండారు లాంటి కబుర్లు ఉండవు. నీ పేరు, నా పేరు, ఒక నంబరు, థాంక్యూ, అంతే. పదిహేను సెకన్లలో ముగుస్తుంది. విన్నది ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా ఆ పాయింట్లు పోతాయి.

నా మొదటి పోటీ జపాన్ వాళ్లు నడిపే ఆల్ ఏషియన్. అందులో ఒక వింత నియమం ఉంది. నంబరుగా మన వయసు చెప్పాలి! ఆడవాళ్లకి మాత్రం వయసు బదులు "సున్నా సున్నా" అనే వెసులుబాటు ఇచ్చారు. చూసి పడీ పడీ నవ్వాను. హామ్‌ల భాషలో రేడియో దగ్గర కూర్చున్న ఆడది ఎనభై ఏళ్లదైనా "యంగ్ లేడీ"యే. మగవాడు ఇరవై ఏళ్ల కుర్రాడైనా "ఓల్డ్ మ్యాన్". ఇంతకంటే మర్యాద ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! నేనూ దర్జాగా సున్నా సున్నా అన్నాను. రెండు రోజుల్లో 41 మంది పలికారు.

ఆ 41 మందీ పలికినందుకు నాకెందుకంత సంతోషమో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మీకు అవుతుంది. "భోజనానికి రండి" అని వంటింట్లోంచి మూడుసార్లు పిలుస్తాం. పేపరు చాటు నుంచి "ఊఁ" అన్నా వినబడదు. అక్కడేమో ఏడు వేల కిలోమీటర్ల అవతల ముక్కూ మొహం తెలియని మనిషి, ఆ గోలలో నా గొంతు వెతుక్కుని, నా పేరు తప్పు లేకుండా తిరిగి చెబుతున్నాడు!

ఆ పోటీలోనే ఒక పొరపాటు చేశాను. రేడియో లెక్కలన్నీ యు.టి.సి. అనే అంతర్జాతీయ కాలమానంలో ఉండాలి. నేను మా హాల్లో గడియారం చూసి రాసేశాను. నలభై ఒక్క వరసల్లోనూ ఐదున్నర గంటలు తీసేసి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత రేడియో గదిలో వేరే గడియారం, ఐదున్నర గంటలు వెనక్కి పెట్టి తగిలించాను. మా అత్తయ్యగారు వచ్చినప్పుడల్లా "అమ్మాయ్, ఈ గడియారం ఆగిపోయినట్టుందే" అంటారు.

అక్టోబరు 28, 29 తేదీల్లో సీక్యూ వరల్డ్‌వైడ్ అనే పెద్ద పోటీ. శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి మొదలై సోమవారం ఐదున్నర దాకా 48 గంటలు. ఇందులో నంబరు మన మండలం. ప్రపంచాన్ని 40 మండలాలు చేశారు, మనది 22. అదృష్టమేమిటంటే ఆ శనివారం రాత్రే చంద్రగ్రహణం. ఒంటిగంట దాటాక పట్టు. అత్తయ్యగారు మధ్యాహ్నమే వంట చేయించి, సాయంత్రానికల్లా భోజనాలు కానిచ్చి, ఆవకాయ జాడీల మీద దర్భలు వేయించారు. ఇక వంటింట్లో పనేముంది? రాత్రంతా నాదే! గ్రహణం పట్టిన వేళ ఇటలీ, ఫిన్లాండ్, మొరాకో వరసగా పలికాయి. విడుపు స్నానానికి అత్తయ్యగారు పిలిచేసరికి 137 మంది అయ్యారు.

పోటీ రోజుల్లో ఇల్లెలా నడిచింది అంటారా? శుక్రవారం రాత్రే చింతపండు పులుసు ఉడికించి పెట్టుకుంటే ఏ పూట కావాలంటే ఆ పూట పులిహోర కలపొచ్చు. పచ్చళ్లు ముందే రుబ్బేయాలి. ఎందుకంటే మిక్సీ తిరిగితే రేడియోలో గరగరలు తప్ప ఏమీ వినబడదు. కొన్ని ఎల్.ఇ.డి. బల్బులూ అంతే. రేడియోని బ్యాటరీ మీద పెట్టి, మెయిన్ ఆపేసి, ఒక్కో స్విచ్చే వేసి చూస్తే దొంగ దొరికాడు: స్నానాల గది బల్బు! మార్చేశాక ప్రాణం లేచి వచ్చింది.

మావారు మాత్రం "దీనివల్ల ఏమొస్తుందోయ్?" అనేవారు. ఆయనకి భారతీ ప్రసాద్ గారి సంగతి చెప్పాను. 2004 డిసెంబరులో ఆవిడ అండమాన్ నుంచి హామ్ రేడియో నడపడానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. 26వ తేదీన సునామీ వచ్చి ఫోన్లన్నీ పోతే, ఆవిడ రేడియో ద్వారానే ఎంతోమంది క్షేమ సమాచారాలు ఒడ్డుకి చేరాయి. గోలలోంచి సన్నని గొంతు పట్టుకునే చెవి ఒక్కరోజులో రాదు, ఈ పోటీలే దానికి సాధన అన్నాను. ఎంత గొప్పగా చెప్పానో! ఆ చెవి సంగతి మార్చిలో తేలింది.

2024 మార్చి 30, 31 తేదీల్లో డబ్ల్యూ.పి.ఎక్స్. పోటీ. ఆదివారం సాయంత్రం, మావారు బజారుకెళ్లారు. యూరప్ జోరుగా వస్తోంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. అత్తయ్యగారు తులసికోట దగ్గర దీపం పెట్టబోయి జారిపడ్డారు. "అమ్మాయ్, అమ్మాయ్" అని పిలుస్తూనే ఉన్నారు. నాకు వినబడలేదు. పక్కింటావిడ గోడ అవతలి నుంచి విని పరిగెత్తుకొచ్చి, నా భుజం పట్టుకుని కుదిపేదాకా వినబడలేదు.

కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. మావారూ అనలేదు. అంటే బాగుండునేమో! నా మాట ఎవరూ వినడం లేదని రేడియో దగ్గరికి పోయినదాన్ని, ఇంట్లో పెద్దావిడ పిలుస్తుంటే వినలేదు. ఎక్కడో పోలండ్‌లో వాడి గొంతు వినబడింది, పాతికడుగుల దూరంలో అత్తగారి గొంతు వినబడలేదు. ఆ పోటీలో 212 మంది వచ్చారు. ఆ లెక్క ఎక్కడికీ పంపలేదు.

రేడియోకి గుడ్డ కప్పేశాను. ఆవిడకి అన్నం కలిపి తినిపిస్తూ, తల దువ్వుతూ రోజులు గడిచాయి. కట్టు విప్పే ముందు, మే 11న, మనసు పీకి ఒక్కసారి సెట్టు పెట్టి చూశాను. చడీచప్పుడు లేదు. తీగ తెగిందేమోనని డాబా ఎక్కి చూశాను, బాగానే ఉంది. నాకు తగిన శాస్తే అనుకున్నాను. మర్నాడు పేపరు చూస్తే సూర్యుడి మీద తుపాను వచ్చిందట. లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిందట. ఆ దెబ్బకి రేడియోలు మూగబోయాయి. సూర్యుడికి నాతో ఏం పని అని నవ్వొచ్చింది కానీ గుడ్డ మళ్లీ కప్పేశాను. జూలై పోటీకి తియ్యలేదు.

తీయించింది అత్తయ్యగారే. ఆగస్టులో ఒకరోజు "ఆ గదిలో గడియారం తిరుగుతోంది, నువ్వు ఆగిపోయావేమిటే?" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు మనసులో ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ విని, "నేను పడింది నేల తడిగా ఉండబట్టి. నీ రేడియో వల్ల కాదు. పిలుపు వినబడే ఉపాయం చూడు, అంతేగానీ మానెయ్యకు" అన్నారు.

ఉపాయం చాలా చిన్నది. రేడియో బల్ల మీద ఒక ఎర్ర బల్బు. ఆవిడ మంచం దగ్గర, పెరట్లో, స్నానాల గదిలో ఒక్కో స్విచ్చి. ఎలక్ట్రీషియన్ ఒక పూటలో బిగించేశాడు. హెడ్‌ఫోన్లు ఒక చెవికే పెట్టుకుంటాను, తలుపు బార్లా తీసే ఉంచుతాను. పెద్దవాళ్లున్న ఇంట్లో, వంటింట్లో మిక్సీ చప్పుడులో పనిచేసుకునే వాళ్లకి కూడా ఇది పనికొస్తుంది, చూడండి.

మళ్లీ ఆల్ ఏషియన్ వచ్చింది. 2024 సెప్టెంబరు 7, సరిగ్గా వినాయక చవితి. ఉదయం పూజ, కథ, ఉండ్రాళ్లు, కుడుములు అన్నీ అయ్యాకే కూర్చున్నాను. అత్తయ్యగారు అక్షింతలు వేసి, పక్కనే కుర్చీ వేయించుకున్నారు. మొదటగా పలికింది ఒక జపాన్ పెద్దాయన. గొంతు కంచు గంటలా ఉంది. వయసు 84 అన్నాడు! ఆ తర్వాత ఇంకొకాయన, 79. ఎంత ధీమాగా చెబుతున్నారో.

నా వంతు వచ్చింది. సున్నా సున్నా నోటిదాకా వచ్చి ఆగింది. ఈ ఏడాది నాకు సున్నా ఎలా అవుతుంది? "ఫైవ్ నైన్, ఫైవ్ ఫోర్" అన్నాను. ఆయన తప్పు లేకుండా తిరిగి చెప్పాడు.

"ఏవిటే ఆ నంబరు?" అన్నారు అత్తయ్యగారు.

"నా వయసు అత్తయ్యా, యాభై నాలుగు."

"అంతేనా? నాది చెప్పకపోయావా, ఎనభై ఒకటి! వాడి 84కి దగ్గరగా ఉండేదిగా" అన్నారు, ఉండ్రం నోట్లో వేసుకుంటూ.