ఆషాఢంలో బేరం, శ్రావణంలో రిజిస్ట్రేషన్

హైదరాబాద్ నిజాంపేటలో మేము కొన్న ఫ్లాటుకు ఏజెంటు చెప్పిన ధర 62 లక్షలు. రిజిస్ట్రేషన్ అయింది 56 లక్షలకు. ఆ ఆరు లక్షలూ అప్పులోంచి తగ్గితే ఎంత మిగులుతుందో చూడండి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గృహరుణమైతే లక్షకు నెలవాయిదా సుమారు 868 రూపాయలు. ఆరు లక్షలకు 5,200 పైచిలుకు. గడువు తీరేసరికి పన్నెండున్నర లక్షలు. ఇల్లు కొనే దగ్గర గీచి గీచి బేరమాడటం పిసినారితనమని ఎవరన్నా నేను ఒప్పుకోను. పిల్లల చదువులూ నెలవాయిదా కట్టే జీతంలోంచే రావాలి కదా.

కొత్త ఫ్లాట్లు కూడా చూశాం. నిర్మాణంలో ఉన్న ఇంటికి జీఎస్టీ 5 శాతం. 45 లక్షలు మించని చిన్న ఇళ్లకైతే ఒక శాతమే. మేము చూసిన 75 లక్షల ఫ్లాటుకు అదొక్కటే 3.75 లక్షలు. ఆపైన పార్కింగు, క్లబ్‌హౌసు, కార్పస్ ఫండు, పై అంతస్తుకు అదనం, తూర్పు ముఖానికి ఇంకో అదనం. పాత ఫ్లాటుకు జీఎస్టీ లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏదైనా తప్పదు, తెలంగాణలో అన్నీ కలిపి 7.5 శాతం. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మాలాంటి అప్పుకు విలువలో 80 శాతం దాటి ఇవ్వదు కూడా. అంటే 56 లక్షల ఇంటికి చేతిలో పదిహేను లక్షలకు పైగా ఉండాలి.

మాది ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటు. 1,150 చదరపు అడుగుల ఫ్లాటుకు దస్తావేజులో 48 గజాల అవిభాజ్య వాటా రాసి ఉంది. మేము చూసిన టవర్లలో ఇంతకన్నా పెద్ద ఫ్లాట్లకు అందులో సగం కూడా రావడం లేదు. గోడలు ఏటా పాతబడతాయి, విలువ పెరిగేది నేలకే. అందుకని చదరపు అడుగు రేటు అడిగిన నోటితోనే గజాలెన్నని అడగాలి.

అసలు ధర తెలుసుకోవడానికి నేను నమ్ముకున్నది ఈసీని, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌ను. కొనబోయే ఫ్లాటుకు ఈసీ అందరూ తీస్తారు. నేను అదే అపార్ట్‌మెంటులో మిగతా ఫ్లాట్లకూ, పక్క అపార్ట్‌మెంటుకూ తీశాను. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోనే దొరుకుతుంది. ప్రతి అమ్మకానికీ రెండు అంకెలుంటాయి: ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ, దస్తావేజులో రాసుకున్న ప్రతిఫలం. కొందరు కొంత నగదుగా ఇచ్చి తక్కువ రాయిస్తారు, కాబట్టి అన్నిటినీ నమ్మలేం. అమ్మకం వెనకే బ్యాంకు తనఖా నమోదైన ఫ్లాట్లను విడిగా ఏరాను. అప్పు ఎక్కువ రావాలంటే అసలు ధరకు దగ్గరగా రాయించక తప్పదు. అలా ఏరిన ఇటీవలి అమ్మకాలు 55, 57 లక్షల మధ్య తేలాయి. "ఇక్కడ అరవైకి తక్కువ లేదండీ" అన్న ఏజెంటు ముందు ఆ కాగితాలు పరిచాను. ఆ తర్వాత ఆయన అరవై మాట ఎత్తలేదు, నేరుగా యజమాని దగ్గరికి తీసుకెళ్లారు.

అది ఆషాఢం. శూన్యమాసంలో ఇంటి మాట ఎత్తొద్దని మా అత్తయ్య పట్టుబట్టింది. ఆవిడ నమ్మకాన్ని గౌరవించి రిజిస్ట్రేషనూ గృహప్రవేశమూ శ్రావణానికి పెట్టుకున్నాం. ధర మాట్లాడటానికి మాత్రం ఆషాఢాన్ని మించిన నెల లేదని నా అభిప్రాయం. కొనేవాళ్లు రారు, అమ్మేవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు.

యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. బెంగళూరులో కొడుకు ఇంటి దగ్గరే ఒక ఫ్లాటు ఖాయం చేసుకున్నారు. అక్కడ డబ్బు కట్టాల్సిన తేదీ దగ్గరపడుతోంది. "58 ఇవ్వు బాబూ, అందులో పది నగదుగా" అన్నారు.

"నగదు వద్దు మాస్టారూ. ఇంటి లావాదేవీలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. మీరు ఎలాగూ ఇంకో ఇల్లు కొంటున్నారు, దీనిమీద లాభం అందులో పెడితే పన్ను మినహాయింపు ఉంది. మీ ఆడిటర్ని ఒక్కమాట అడగండి. 56కి ఖాయం చేయండి, మొత్తం బ్యాంకు ద్వారానే ఇస్తాను" అని రుణ మంజూరు పత్రం చేతికిచ్చాను.

కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీదాకా చదివారు. "ఆ తేదీ దాటితే?" అన్నారు.

"దాటితే అక్కడ మీకు పడే వడ్డీ నేను కడతాను. అగ్రిమెంటులో రాసుకుందాం."

మర్నాడు ఆడిటర్తో మాట్లాడి ఫోన్ చేశారు. 56కే ఖాయమైంది. ఆయనకు ఆఖరి రెండు లక్షలకన్నా తేదీ ముఖ్యం. మంజూరు పత్రం ముందే చేతిలో లేకుంటే ఆ తేదీకి నేను మాటివ్వగలిగేవాణ్ని కాదు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్, అంటే 56 వేలు, ఆయన సొమ్ములోంచి మినహాయించి ఆయన పాన్ మీద కట్టాలని కూడా ఆరోజే చెప్పాను. రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చున్నాక చెబితే గొడవలవుతాయి.

మా ఆఫీసు కుర్రాళ్లు ప్రీ లాంచ్ ఆఫర్ల గురించి అడుగుతుంటారు, సగం ధరకే ఇస్తున్నారట అని. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదుకు ముందు అమ్మడమే కాదు, ప్రకటించడమూ తప్పే. నమోదయ్యాక కూడా అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పదోవంతుకు మించి తీసుకోకూడదు. మొత్తం ముందే కట్టమనే చోట ఆ పిల్లలు అప్పుచేసి కడతామంటుంటే గుండె ఝల్లుమంటుంది. తెలంగాణ రెరా వెబ్‌సైట్లో ప్రాజెక్టు పేరు కొట్టి చూడమంటాను. కనపడకపోతే టోకెన్ కూడా ఇవ్వొద్దంటాను.