స్నేహితుల కొలువు

మనిషి పోలిక మొహంలో ఉంటుందని లోకం నమ్మకం. నా సంపాదన కూడా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. పిల్లల పుస్తకాలకు, పత్రికల్లో కథలకు బొమ్మలు వేస్తాను. అవి తగ్గిన నెలల్లో పెళ్లికార్డులకు కారికేచర్లు వేస్తాను. పెళ్లివారు వాట్సాప్‌లో పంపే ఫొటోలన్నీ మెడ పైభాగాలే. మెడ కింద ఏముందో చెప్పరు, అక్కడ మాత్రం పట్టుబట్ట, షేర్వాణీ వేసేయమంటారు. డ్రాఫ్టు పంపగానే ఫోను: "ముక్కు కొంచెం తగ్గించండి మేడమ్, వాళ్ల అత్తగారు చూస్తారు." కారికేచర్ అడిగేది వాళ్లే, ముక్కు తగ్గించమనేదీ వాళ్లే.

సంక్రాంతికి ముందు మాత్రం పైసా రాని పని ఒకటి పెట్టుకుంటాను. నా స్నేహితులను కొండపల్లి బొమ్మలుగా వేస్తాను. ఈ పనిలో మొహానికి దాదాపు చోటు లేదు.

బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మయినా చేరాలని మా వైపు ఆనవాయితీ. మేమంతా విజయవాడలో ఒకే కాలేజీలో చదివినవాళ్లం. ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నాం. కోస్తాలో ఉన్నవాళ్లు భోగినాడు కొలువు తీరుస్తారు, హైదరాబాదులో మెట్టినావిడ వాళ్ల అత్తవారి పద్ధతిన దసరాకి పెడుతుంది. పండక్కి ఒకళ్లకొకళ్లం ఇచ్చుకునే వస్తువుల కథ అందరికీ తెలిసిందే. నేనిచ్చిన స్టీలు డబ్బా రెండేళ్లకు ఇంకో పేరంటంలో తాంబూలంతో సహా నాకే వచ్చింది. అదిగో, అప్పుడు మొదలైంది ఇది. అట్ట మీద బొమ్మలు, వెనకాల ఆనుడు పెడితే నిలబడేవి. గుంపు మొత్తం ఒక సెట్టు. అందరికీ అదే సెట్టు. అంటే ఎవరి కొలువులోనైనా మేమంతా ఒకే మెట్టు మీద ఉంటాం.

కొండపల్లే ఎందుకంటే, నా చెయ్యి అక్కడ చాలా నేర్చుకుంది. విజయవాడ పక్కనే కదా, పని తోచనప్పుడల్లా వెళ్లి బొమ్మల కాలనీలో ఎవరో ఒకరి అరుగు మీద కూర్చునేదాన్ని. తెల్లపొణికి కర్ర చాలా తేలిక, బాడిస కింద ముల్లంగి ముక్కలా తెగుతుంది. తేమ పోయేదాకా వేడి తగిలించి ఆరబెడతారు. ఒంటిని ఒక ముక్కలో చెక్కి, చేతులు, కుండలు, తలపాగాలు విడివిడిగా చెక్కి అతికిస్తారు. చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కు ఆ అతుకులకూ గుంటలకూ పూస్తారు. ఆరాక ఆకురాయితో నున్నగా రుద్ది, సుద్ద పూసి, ఆ తెలుపు మీద రంగులు వేస్తారు. మొహం వంతు ఆఖర్న వస్తుంది. అప్పటికి బొమ్మ పూర్తయినట్టే. మేకవెంట్రుకల సన్నకుంచెతో రెండు కనుబొమలు, రెండు కళ్లు, ఎర్రటి పెదవి, బొట్టు. బొమ్మకు అరనిమిషం కూడా పట్టదు. వరసలో ఉన్నవాటన్నిటికీ అవే కళ్లు.

ఒకసారి పెద్దాయన ఒకాయన కళ్లు దిద్దుతుంటే అడిగాను. "బాబాయిగారూ, అందరికీ ఒకే మొహమైతే ఎవరు ఎవరో ఎట్లా తెలుస్తుంది?"

ఆయన తలెత్తకుండానే, "మొహం చేత్తో మూసి చూడమ్మా" అన్నాడు.

మూసి చూశాను. తాడిచెట్టు మీదున్నవాడు నడుముకు మోకుతో వెనక్కి వాలి ఉన్నాడు. రోకలి ఎత్తినావిడ మడమలు నేలకు ఆనడంలేదు. పాములవాడు గొంతుక్కూర్చున్నాడు. తట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి మెడ నిటారుగా ఉంది. ఒక్కరినీ పొరబడే వీలు లేదు. ఎవరి పని వాళ్ల ఒంటిని ఎట్లా వంచిందో అదే వాళ్ల పోలిక.

ఇది మనవాళ్లొక్కరే కనిపెట్టిన సంగతి కాదు. ఈశాన్య జపాన్‌లో చేసే కొకేషి కర్రబొమ్మలకు చేతులూ కాళ్లూ ఉండవు, గుండ్రటి తల, స్తంభం లాంటి ఒళ్లు, అంతే. అది ఏ ప్రాంతపు పనితనమో ఒంటి మీది చారల్ని బట్టి, తల తీరుని బట్టి చెబుతారు. 1974లో జర్మనీలో హాన్స్ బెక్ తయారుచేసిన ప్లేమొబిల్ బొమ్మ ఏడున్నర సెంటీమీటర్లు. దానికి ముక్కు లేదు. చిన్నపిల్లలు మనిషిని ఎట్లా గీస్తారో చూసి పెద్ద తల, రెండు కళ్లు, నవ్వు మాత్రం ఉంచాడాయన. 1978లో వచ్చిన లెగో మనిషి ఇంకా పొట్టి, నాలుగు సెంటీమీటర్లు. రెండు చుక్కలు, ఒక నవ్వు. 1989లో సముద్రపు దొంగలు వచ్చేదాకా పోలీసుకూ, నర్సుకూ, అంతరిక్షంలోకి వెళ్లేవాడికీ అదే మొహం. పిల్లలెవరూ తికమకపడలేదు.

కారికేచర్‌కూ దీనికీ తేడా ఇక్కడే. కారికేచర్‌లో నలుగురిలో లేనిదేదో పట్టుకుని పెంచుతాం: ముక్కో, పన్నో, బట్టతలో. అందుకే అది ఎంతో కొంత గుచ్చుతుంది. బొమ్మలో పెంచడం ఉండదు, తీసేయడమే. ఏమేం తీసేసినా ఆ మనిషి మిగులుతుందో చూసుకుంటూ పోవాలి. కళ్లద్దాలు తీసేశాను, మిగిలింది. జుట్టు తీరు మార్చాను, మిగిలింది. నిలబడే తీరు మార్చగానే పోయింది. అంటే అది ఉండాల్సిందే. నేను ముందు నల్లకాగితం మీద నీడ ఆకారాలే కత్తిరించుకుంటాను. ఆ నల్లముక్క చూసి "ఇది ఫలానాది కదూ" అని మా అమ్మ అంటేనే రంగు జోలికి వెళతాను. కాలేజీ రోజుల్లో వీళ్లందరికీ అన్నం పెట్టిన మనిషి, ఆవిడకంటే పరీక్షాధికారి దొరకదు.

అందరికంటే తేలిగ్గా వచ్చింది మా కండక్టరు. ఆర్టీసీలో సిటీ బస్సు. రెండు చేతులూ ఖాళీ ఉండాలి గనక తుంటి సీటు కమ్మీకి ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, చేతిలో టికెట్లు కొట్టే టిమ్ము మిషను, చంకన సంచి. ఇంట్లో పొయ్యి ముందు కూడా అట్లాగే నిలబడుతుంది, గట్టుకు తుంటి ఆనించి. అట్టబొమ్మ పడిపోకుండా ఉండటానికి కూడా ఎడంగా పెట్టిన కాళ్లే కావాలి. కొన్ని ఉద్యోగాలు బొమ్మకోసమే పుట్టాయా అనిపిస్తుంది.

లెక్చరర్‌ది ఎత్తిన చెయ్యి. అట్టలో ఎత్తిన చెయ్యి నాలుగు రోజుల్లో విరుగుతుంది. అందుకని వెనకాల నల్లబోర్డు వేసి చేతిని దానికి కలిపేశాను. డాక్టరమ్మకు స్టెతస్కోపు పెట్టమని అందరూ సలహా ఇచ్చారు. ఆవిడ మత్తుమందు డాక్టరు. రోగి తలదగ్గర కూర్చుని ఆపరేషను అయ్యేదాకా మానిటరు వంక చూస్తూ ఉంటుంది. కోసినవాడి పేరే అందరూ చెప్పుకుంటారు, నిద్రపుచ్చి మళ్లీ లేపినావిడ ఎవరికీ గుర్తుండదు. స్టూలు మీద కూర్చోబెట్టి గడ్డం పైకెత్తించాను. స్టెతస్కోపు పెట్టలేదు. "నా మెడనొప్పి నీకెట్లా తెలిసిందే?" అని అడిగింది.

చిక్కంతా సాఫ్ట్‌వేర్ వాడితోనే. కుమ్మరికి సారె ఉంది, రైతుకు నాగలి ఉంది. వీడికి లాప్‌టాప్. అది బ్యాంకులోనూ ఉంది, పెళ్లిళ్ల పేరయ్య దగ్గరా ఉంది. కుర్చీలో కూర్చుని తెర చూసేవాళ్లంతా ఒక్కటే ఆకారం, నల్లకాగితంలో కత్తిరిస్తే కుర్చీ తప్ప ఏమీ కనపడదు. మన కాలంలో ఉద్యోగాలు పెరిగాయి గానీ భంగిమలు తగ్గిపోయాయి. ఏం వేయాలో తోచక వాళ్లావిడకు ఫోన్ చేసి, "మీ ఆయన్ని చీకట్లో చూసినా గుర్తుపట్టేది ఎప్పుడు?" అని అడిగాను. ఆవిడ టక్కున చెప్పింది: "రాత్రి మేడమీద." అమెరికా వాళ్లతో కాల్స్. లుంగీ మడిచి కట్టి, చెవుల్లో వైర్లు, ఒక చెయ్యి గాల్లో తిప్పుతూ ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకు. అదే వేశాను. గాల్లో చెయ్యి విరగకుండా పక్కన దండెం వేసి, ఆరేసిన తువ్వాలుకు కలిపాను.

ఒంటిరంగు విషయంలో మాత్రం కొండపల్లి దారి వదిలేశాను. అక్కడి మనుషులకు ఎక్కువగా పసుపు, గులాబి కలిసిన ఒకే ఛాయ. రాముడికీ కృష్ణుడికీ నీలం ఉంది గానీ, మనలో సగంమందికి ఉన్న నలుపు కనపడదు. లెగో వాళ్లు పసుపు ఎవరి రంగూ కాదు గనక అందరి రంగూ అనుకున్నారు. 2003లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు చేయాల్సి వచ్చాక మనుషుల రంగులు తెచ్చారు. మా గుంపులో కాలేజీలో నాటకం వేసినప్పుడల్లా పౌడరు దట్టించుకోవాల్సి వచ్చిన పిల్ల ఒకత్తె ఉంది. "నా రంగు నాకుంచవే" అంది, నేను ఏమీ అడక్కుండానే. బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, తెలుపు, కొద్దిగా నీలం. ఈ నాలుగింటితోనే అందరి ఛాయలూ వస్తాయి, పాళ్లు మారతాయంతే. ఒక్కొక్కళ్లకు విడిగా గిన్నెలో కలుపుకుంటాను. పోస్టర్ రంగు ఆరితే కాస్త తేలుతుంది గనక తడిమీద ఒక పాలు ముదురు ఉండాలి.

తయారీలో చెప్పదగ్గవి కొన్నే. అసలు బొమ్మ పెద్దది వేసి స్కాన్ చేసి, పన్నెండు సెంటీమీటర్లకు తగ్గించి 300 జీఎస్‌ఎమ్ మ్యాట్ కార్డు మీద డిజిటల్ ప్రింటు తీయిస్తాను. మొహానికి రెండు సెంటీమీటర్లు కూడా రావు, కాబట్టి అందరికీ అవే కొండపల్లి కళ్లు. 13×19 అంగుళాల షీటులో సెట్టు పట్టేట్టు సర్దితే ఖర్చు తగ్గుతుంది. ప్రింటింగ్ షాపు కుర్రాడు చిలకాకుపచ్చ చూడగానే, "అక్కా, ఇది తెరమీద వెలుగుద్దిగానీ మిషన్లో రాదు" అంటాడు. నిజమే, నాలుగు ఇంకుల్లో అంత మెరిసే పచ్చా, నారింజా పుట్టవు. పక్కన ముదురు ఎరుపు పెట్టి ఆ పచ్చను లేపాలి, కొండపల్లి చీరకట్లలో చేసేదీ అదే. మడత పడేచోట ముందుగా ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గాడి గీయాలి, లేకపోతే రంగు పగిలి తెల్లగీత బయటపడుతుంది. ఆనుడు ముక్క అడుగును కొంచెం ఏటవాలుగా కోయాలి. బొమ్మ వెనక్కి ఓ పిసరు వాలితే ఫ్యాను గాలికి ముందుకు పడదు. పేరంటాళ్లకు శనగలు పంచేటప్పుడు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

సెట్టు విప్పినప్పుడు అందరూ ఒకటే చేస్తారు. మిగతావాళ్లందరినీ చప్పున గుర్తుపట్టి, తమ బొమ్మ దగ్గర ఆగిపోతారు. "ఇదెవరు?" అనేది ప్రతివాళ్లూ తమ బొమ్మ గురించే. కారణం ఉంది. మన మొహం రోజూ అద్దంలో చూసుకుంటాం, మన నిలబాటు మనం ఎప్పుడూ చూడం. అది మనచుట్టూ ఉన్నవాళ్లకే తెలుసు. సాఫ్ట్‌వేర్ వాడు తన బొమ్మ చూసి "మా నాన్న బొమ్మెందుకు వేశావు?" అన్నాడు. వాళ్ల నాన్నగారు పొలంగట్టు మీద పాలేళ్లతో మాట్లాడేటప్పుడు అట్లాగే చెయ్యి తిప్పేవారట.

ఒకరిద్దరు దీన్ని వ్యాపారం చేయమన్నారు. ఆఫీసుల్లో రిటైర్మెంట్లకూ, ఫేర్‌వెల్ పార్టీలకూ గిరాకీ ఉంటుందట. ఫొటో చూసి కారికేచర్ వేయగలను గానీ ఫొటో చూసి బొమ్మ వేయలేను. ఫొటోలో మనిషి ఫొటోకోసం నిలబడతాడు. ఆ మనిషి బస్సుకోసం ఎట్లా నిలబడతాడో, తిట్లు తినేటప్పుడు ఎట్లా నిలబడతాడో నేను చూసి ఉండాలి. దానికి బిల్లు ఎట్లా వేస్తాం?

ఈ ఏడు బ్యాంకావిడతో పడింది పేచీ. ఇన్నాళ్లూ ఆవిడ చేతిలో లాకరు తాళాల గుత్తి ఉండేది, దాని బరువుకు కుడి భుజం కాస్త కిందికి. మొన్న వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుంది. తాళాలు తీసేయమంది. మరేం పెట్టమంటావంటే, "ఏమీ వద్దే, ఖాళీగా ఉంచు, ఇన్నేళ్లకు ఖాళీ అయ్యాను" అంది. ఖాళీ చేతులు పక్కన వేలాడితే ఆకారం గుంజ అయిపోతుంది. వెనక్కి కట్టుకుంటే ముందునుంచి కనపడవు. నడుంమీద పెట్టి కత్తిరించి చూశాను. అచ్చం దెబ్బలాటకు వచ్చినట్టుంది. మా అమ్మ నల్లముక్క చేతిలోకి తీసుకుని, "దీనికి తాళాలెందుకే, అదే కదూ" అంది. భుజం మాత్రం ఇంకా కిందికే ఉంది, దాన్ని నేను సరిచేయలేదు.