ఎంగిలి గ్లాసు

పెనుగొండ పేరు చెబితే చాలామందికి వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి గుర్తొస్తుంది. ఆర్యవైశ్యులకు అది పుణ్యక్షేత్రం. ఎక్కడెక్కడి నించో బస్సులేసుకుని వొస్తారు. గోపురానికి దణ్ణం పెట్టుకుని, ప్రసాదం కట్టించుకుని వెళ్ళిపోతారు. వూరి చివర వొక మాదిగపేట వుందని వాళ్ళకి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. నేను చదివిన స్థలపురాణాల్లో మా పేట లేదు. వూరి చరిత్ర గుడిగోడల మీద రాసి వుంటే, మా పేట చరిత్ర గ్లాసుల మీద రాసి వుంది.

మొదటి గ్లాసు టీ హోటల్ది. 1990 ప్రాంతాల్లో, నాకు అయిదారేళ్ళప్పుడు, మా నాన్న నన్ను భుజాన కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్ళేవాడు. లోపల బల్లల దగ్గర వూళ్ళోవాళ్ళు. బయట పాక చూరులో మావాళ్ళ గ్లాసులు. మన గ్లాసు మనమే తీసుకోవాలి, మనమే చాపాలి. ఆయన పైనించి పోస్తాడు, గ్లాసుకి తగలకుండా. తాగాక కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. మనం డబ్బులు బల్ల మీద పెడితే చిల్లర బల్ల మీదికే విసురుతాడు. హోటళ్ళలో, అక్కడి పాత్రల దగ్గర అంటరానితనం పాటిస్తే నేరమని 1955లోనే చట్టం చేశారు. 1989లో అంతకంటే గట్టి చట్టం తెచ్చారు. ఆ రెండు చట్టాల కిందా మా గ్లాసులు చూరుకి అలాగే వున్నాయి.

రెండోది గ్లాసు కాదు, దొప్ప. తాడితోపులో కల్లుపాక దగ్గర వూళ్ళోవాళ్ళకి గ్లాసో ముంతో ఇచ్చేవాళ్ళు. మావాళ్ళకి తాటాకు దొప్ప. తాగి పారెయ్యాలి. "మన దొప్పే నయంరా, ఎవడి ఎంగిలీ వుండదు" అని మా తాత నవ్వేవాడు. అది నవ్వులాటకి అన్న మాట కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఎంగిలి అంటే మన దేశంలో వుమ్ము సంగతి కాదు. బిడ్డ ఎంగిలి తల్లి తింటుంది. చిన్నపిల్లలు జీళ్ళు కాకెంగిలి చేసుకుని పంచుకుంటారు. అక్కడెక్కడా అసహ్యం వుండదు. ఎవరి ఎంగిలి ఎవరికి పనికొస్తుందో నిర్ణయించేది నోరు కాదు, కులం.

మూడోది సారా. దానికి గ్లాసే లేదు. 1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టి సారాని ప్యాకెట్లలో పోసి పల్లెలకి తోలింది. మూల పళ్ళతో కొరికి తాగడమే. టీ హోటలు మమ్మల్ని బయట నిలబెట్టింది గానీ సారా కొట్టు తనే నడిచొచ్చి మా పేట మొదట్లో కూర్చుంది. డబ్బుకి అంటు లేదు గదా. మా నాన్న కూలి డబ్బులు ఇంటికి రావాలంటే ఆ కొట్టు దాటి రావాలి. చాలా రోజులు దాటలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారన్న కబురు మా దాకా వొచ్చింది. మా అమ్మా, పిన్నమ్మలూ చీపుళ్ళు పట్టుకుని కొట్టు ముందు కూర్చున్నారు. వాళ్ళల్లో సంతకం చెయ్యగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. 1993 అక్టోబరు 1 నించి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. మధ్యలో ఆ రెండేళ్ళు మా నాన్న అన్నం తిని, నిద్రపోయి, మనిషిలా వున్నాడు. ఎత్తేశాక ఎక్కువ కాలం లేడు.

ఇలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి 2010 నవంబరులో ఇంగ్లండులో, యార్క్ అనే పాత నగరంలో, శని ఆదివారాలు పబ్బులు తిరిగాను. సాంఘిక సంక్షేమ హాస్టలు, ఆంధ్రా యూనివర్సిటీ, బ్యాంకు అప్పు, ఈ మూడు మెట్లెక్కి అక్కడికి చదువుకోడానికి వెళ్ళాను. మేం ఐదుగురం తెలుగు కుర్రాళ్ళం వొకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. కలిసి వొండుకునేవాళ్ళం. వొకరి కంచంలో ఆవకాయ ఇంకొకరు లాక్కునేవాళ్ళం. "వూరంతా తిరిగి పబ్బులన్నీ చూద్దాం" అని వాళ్ళలో వొకడు కాయితం మీద జాబితా రాశాడు. దాన్ని పబ్ క్రాల్ అంటారు. క్రాల్ అంటే పాకడం. వొక పబ్బులో తాగి ఇంకో పబ్బుకి పోయి, చివరికి పాక్కుంటూ ఇల్లు చేరడం.

యార్క్ రోమన్లు క్రీ.శ. 71లో కోట కట్టిన చోటు. చుట్టూ రాతి ప్రహరీ ఇంకా వుంది. మధ్యలో మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి. దాన్ని 1220లో మొదలెట్టి 1472 దాకా కట్టారు. ఆ నీడలో, రాళ్ళు పరిచిన సందుల్లో పబ్బులు. పబ్ అంటే పబ్లిక్ హౌస్, అందరి ఇల్లు. మేం మొదట వెళ్ళింది స్టోన్‌గేట్‌లోని ఓల్డ్ స్టార్ ఇన్‌కి. 1644 నించి వుందని చెప్పుకుంటారు. దాని బోర్డు వీధికి అడ్డంగా ఈ గోడ నించి ఆ గోడ దాకా దూలంలా వేలాడుతుంది. ఆ దూలం కిందనించి నేను లోపలికెళ్ళాను. ఎవరూ ఆపలేదు. కౌంటరు దగ్గర పనిచేసే అమ్మాయి చిల్లరని నా అరచేతిలో పెట్టి "థాంక్యూ లవ్" అంది. అక్కడి యాసలో ఆ మాట మన "నాన్నా", "అమ్మా" లాంటిది. అందరినీ అంటారు. నేను మాత్రం ఆ చిల్లరని చాలాసేపు జేబులో వేసుకోలేకపోయాను. పాతికేళ్ళ వయసులో, కొట్లో చిల్లర చేతికి తగలడం ఎంత పెద్ద సంగతో చెప్తే మీలో కొందరికి నవ్వొస్తుంది. కొందరికి రాదు.

అక్కడ ఎవడి గ్లాసు వాడు కొనుక్కోడు. వొకడు లేచి అందరికీ తెస్తాడు. అవి అయ్యాక ఇంకొకడు. దాన్ని రౌండు అంటారు. వంతు తప్పించుకునేవాడికి మర్యాద వుండదు. వాళ్ళు పింటు, అంటే 568 మిల్లీలీటర్లు తీసుకున్నారు. నేను అరపింటు. నాకు కావల్సింది గ్లాసులో సరుకు కాదు, బల్ల దగ్గర కుర్చీ. నల్ల బీరు ఎలా వుంటుందో చూద్దామని వొక గ్లాసు విడిగా తెప్పించి చేతులు మార్చుకుంటూ తలా వొక గుక్క తాగాం. "చేదుగా వుందిరా బాబూ" అని మొహాలు చిట్లించుకుని నవ్వుకున్నాం. ఐదు నోళ్ళు, వొకటే గ్లాసు. మా తాత చూసుంటే బాగుండుననిపించింది.

తర్వాత షాంబుల్స్ అనే సందులోంచి నడిచాం. అది పూర్వం కసాయి వీధి. ఇళ్ళు పైన వొకదానిమీదికొకటి వొంగి వుంటాయి. మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇంకా వున్నాయి. యాత్రికులు వాటికి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ చివర గోల్డెన్ ఫ్లీస్ అనే పబ్బు. అక్కడా నల్ల గ్లాసు తిరిగింది. అక్కడి నించి ఊజ్ నది వొడ్డున కింగ్స్ ఆర్మ్స్‌కి వెళ్ళాం. ఆ పబ్బులోకి వరదొస్తుంది. ఏ ఏడాది నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో లోపల గీతలు పెట్టారు. 2000 నవంబరు గీత నా తలకి పైన వుంది. నేను 1986 ఆగస్టు గోదావరి వరద గురించి చెప్పాను. అమ్మ నన్ను సంకనేసుకుని గట్టెక్కిందని చెప్పాను. జాబితా రాసినవాడు అప్పుడడిగాడు.

"మీది పెనుగొండ కదా. గుడికి ఏ పక్క?"

"గుడి పక్కన కాదు, వూరి చివర."

"ఇంటిపేరు ఏంటన్నావ్?"

చెప్పాను.

"అంటే... మీరు?"

అప్పటిదాకా "నువ్వు" అన్నవాడు "మీరు" అన్నాడు. అది నాకిచ్చిన గౌరవం కాదు. "మాదిగలం" అన్నాను. "అయితే ఏముంది బ్రదర్, మనం ఇవన్నీ పట్టించుకోం" అన్నాడు. ఆ "మనం"లో నేను లేను.

నల్ల గ్లాసు మళ్ళీ బయల్దేరింది. నా ఎడమ పక్క కుర్రాడి దాకా వొచ్చింది. అతను వొక గుక్క తాగి, నా ముందునించి చెయ్యి చాపి, కుడి పక్కవాడికి అందించాడు. ఎవరూ ఏమీ అనలేదు. తిట్టలేదు, లేచిపోలేదు. గ్లాసు నన్ను దాటిపోయింది, అంతే. చూరులోని గ్లాసు ఏడు సముద్రాలు దాటొచ్చి ఆ బల్ల మీద కూర్చుంది. ఇంటికెళ్తుంటే వంతెన మీద తాగిన తెల్లకుర్రాళ్ళు మమ్మల్ని "పాకీ" అని అరిచారు. ఆ తిట్టు మాత్రం ఐదుగురికీ సమానంగా అందింది.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. పబ్బు సంగతి దాచలేదు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాగితే తాగావు గానీ అయ్యా, కులం అడిగితే చెప్పావా?" అంది. చెప్పానన్నాను. "అయితే పడుకో" అంది.

ఆదివారం నన్ను ఎవరూ పిలవలేదు. జాబితాలో మిగిలినదానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. దాని పేరు మాల్టింగ్స్. అది వున్న వీధి పేరు టానర్స్ మోట్. టానర్ అంటే తోళ్ళు వూనేవాడు. దగ్గర్లోనే ప్రహరీ లోపల టానర్ రో అని ఇంకో వీధి. ఆ బోర్డు కింద నిలబడ్డాను. మా తాత లంద గుర్తొచ్చింది. సున్నం నీళ్ళు, తంగేడు చెక్క, చచ్చిన గొడ్డు తోలు, ఎంత కడిగినా పోని వాసన. వీళ్ళు తోలు పని చేసినవాళ్ళ పేరు వీధికి పెట్టుకున్నారు. ఆ వీధిలో పుట్టినవాడు ఇవాళ ఏ పని చేసుకుంటాడో ఎవరూ అడగరు. మా తాత చేసిన పని పేరు మా వూళ్ళో తిట్టు. ఆ పని మానేసి రెండు తరాలైనా ఆ తిట్టు మమ్మల్ని మానలేదు.

నేను కూర్చున్న కాసేపటికి నిన్న నా ఎడమ పక్కన కూర్చున్న కుర్రాడు వొచ్చాడు. ఎదురుగా కూర్చుని తలొంచుకున్నాడు.

"అన్నా, మేం మాలోళ్ళం. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. గ్లాసు నీకిస్తే, వీడెందుకిచ్చాడని నన్నూ అడుగుతారేమోనని భయమేసింది."

కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ భయం నాకు తెలుసు. హాస్టల్లో పక్క స్కూలు పిల్లలు అడిగితే నోరు పెగలని రోజులు నేనూ చూశాను. గ్లాసు దాటించింది అతని చెయ్యే. ఆ చేతిని కదిలించింది మాత్రం మిగిలిన ముగ్గురి చూపు. అతను నా అరపింటు లాక్కుని వొక గుక్క తాగి తిరిగిచ్చాడు. నేను మిగిలింది తాగాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మాలా మాదిగా వొకే గ్లాసు తాగడం కూడా మా వూళ్ళో అంత సులువు కాదని ఈ పుస్తకం చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నెల తిరక్కుండానే, చుట్టాలొస్తున్నారు, గది కావాలన్నారు. ఖాళీ చేశాను. చుట్టాలెవరూ రాలేదని తర్వాత ఆ కుర్రాడే చెప్పాడు.

ఆ చలికాలంలోనే బర్మింగ్‌హామ్ వెళ్తే అక్కడ రవిదాసియా పెద్దాయన వొకాయన కలిశాడు. పంజాబు నించి వెళ్ళిన తోలుపని కులం వాళ్ళు. నా పబ్ క్రాల్ కథ విని ఆయన ఇంకో పబ్ క్రాల్ కథ చెప్పాడు. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథ్విక్ అనే ఇనప ఫౌండ్రీల వూరుంది. 1960ల్లో అక్కడ చాలా పబ్బులు భారతీయుల్ని రానిచ్చేవి కావు, లేదా వేరే గదిలో కూర్చోబెట్టేవి. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు అవతార్ సింగ్ జోహల్ తెల్ల విద్యార్థుల్ని వెంటేసుకుని పబ్బు పబ్బుకీ తిరిగాడు. తెల్లవాళ్ళకి పోసి తమకి పొయ్యకపోతే, ఆ సాక్ష్యంతో ఆ పబ్బుల లైసెన్సుల మీద అభ్యంతరం పెట్టేవాళ్ళు. తాగడానికి కాదు, తలుపు తెరిపించడానికి తిరిగారు. 1965 ఫిబ్రవరి 12న మాల్కం ఎక్స్ వాళ్ళ పిలుపు మీద స్మెథ్విక్ వొచ్చి ఆ వివక్షని కళ్ళారా చూశాడు. తొమ్మిది రోజులకి ఆయన్ని అమెరికాలో కాల్చి చంపారు. ఆ ఏడాది చివర్లోనే, బహిరంగ స్థలాల్లో జాతి వివక్ష చెల్లదని బ్రిటన్ మొదటి చట్టం చేసింది. యార్క్‌లో నా అరచేతిలో పడ్డ చిల్లర వెనకాల వాళ్ళ నడక వుంది.

కానీ ఆ చట్టం కౌంటరుకి అటువైపు మనిషిని కట్టేసింది. బల్లకి ఇటువైపు కూర్చున్న మనవాళ్ళ సంగతి దానికి తెలియదు. నేను యార్క్‌లో వున్న 2010లోనే సమానత్వ చట్టం అమల్లోకి వొచ్చింది. అందులో కులాన్ని చేర్చే అధికారం మంత్రికిచ్చారు. 2013లో పార్లమెంటు దాన్ని చేర్చి తీరాలని మార్చింది. 2018లో ప్రభుత్వం, చేర్చం, కోర్టు తీర్పులు చాలంది. వాళ్ళు చెప్పిన తీర్పు పర్మిలా తిర్కే అనే ఆదివాసీ ఆడమనిషిది. మిల్టన్ కీన్స్‌లో భారతీయుల ఇంట్లో పనికి పెట్టుకుని వెట్టి చేయించారు. 2015లో ట్రిబ్యునల్ ఆమెకి 1 లక్షా 83 వేల పౌండ్లకి పైగా ఇప్పించింది. ఆమె గెలిచింది. కానీ ప్రతి మనిషీ ఆమెలా ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కి, తన బాధ కులం బాధేనని మొదటినించీ రుజువు చేసుకోవాలా?

విద్యార్థి మిత్రులారా, ఇవాళ మన పేటల నించి కూడా పిల్లలు లండన్‌కీ లీడ్స్‌కీ వెళ్తున్నారు. పాస్‌పోర్టు, వీసా, కోటు అన్నీ సర్దుకుంటారు. ఇంటిపేరు అడిగే ప్రశ్న వాళ్ళకంటే ముందే అక్కడికి చేరి వుంటుంది. దానికి జవాబు వొంటరిగా చెప్పాల్సిన అవసరం వుండకూడదు. స్మెథ్విక్‌లో జోహల్ వొక్కడే వెళ్ళి తలుపు తట్టలేదు.

మాల్టింగ్స్‌లో నా గ్లాసు తాగిన కుర్రాడు ఇంకా ఇంగ్లండులోనే వున్నాడు. పెళ్ళయింది, పిల్లలు. ఇది రాస్తున్నానని చెబితే సంతోషపడ్డాడు. "అన్నీ రాయి అన్నా, నా పేరు మాత్రం రాయకు" అన్నాడు. రాయలేదు. అక్కడి చట్టంలో కులం పేరు రాయించేదాకా, ఇక్కడి వ్యాసాల్లో అతని పేరు రాయలేను.